ఏడో బోరులో రాని రాయి

రేకుల గది, సైటు ఆఫీసు
జూన్ 2

అమ్మమ్మా,

ఫోను చేస్తే "ఎవరూ? ఆఁ? సరే, పెట్టేయ్" అని మూడు మాటల్లో తేల్చేస్తున్నావు. చెవి మిషను కొన్నది డ్రాయరులో దాచుకోడానికి కాదని అమ్మ గొణుగుతోంది. నాకు గొణిగే ఓపిక లేదు. అందుకే ఉత్తరం.

ఇక్కడికొచ్చి మూడు వారాలైంది. కొండ పాదంలో రాతిని తొలిచి ఊరికంతటికీ సరిపడా నీళ్ళ ట్యాంకు కట్టాలని నీళ్ళ ఆఫీసు వాళ్ళ ఆలోచన. మా కంపెనీతో కలిపి అయిదుగురు పోటీ. ఎంత రాయి తీయాలి, ఎలా తీయాలి, ఎంతవుతుంది అని లెక్క కట్టి జులై ముప్పై ఒకటికల్లా టెండరు కవరు వేయాలి. మా కవరు లెక్క నాది. మేనేజరు గారు దాన్ని దిద్దుతారు. ఆయన పెన్సిలుకి రాసే వైపు అరగదు, చెరిపే వైపే అరుగుతుంది. ఆఫీసంతా ఆయన్ని రబ్బరు అంటారు.

గొయ్యి నూట ఇరవై మీటర్ల పొడవు, అరవై వెడల్పు, ఇరవై నాలుగు లోతు. లక్షా డెబ్భై రెండు వేల ఎనిమిది వందల ఘనపు మీటర్ల రాయి. లారీకి పన్నెండు చొప్పున పద్నాలుగు వేల నాలుగు వందల ట్రిప్పులు. ఈ లెక్క నీకెందుకంటే, నీళ్ళ ఆఫీసు ఇచ్చిన పాత కాగితాల్లో మొదటి పేజీ మీద రెండు సంతకాలున్నాయి. "బోరు మేస్త్రీ" అన్న చోట తాతది. "రిజిస్టరు రాసినవారు" అన్న చోట నీది. నలభై నాలుగేళ్ళ కిందటివి. లోపల రాయి ఎలా ఉందో చూడ్డానికి ఇదే కొండకి అప్పుడు పదమూడు బోర్లు వేశారట. ట్యాంకు మాత్రం కట్టలేదట.

తాత సంతకం చూశాను. ఏమీ అనిపించలేదు. కరెంటు బిల్లు మీద ముద్ర చూసినట్టు చూసి పేజీ తిప్పేశాను. ఆయన పోయినప్పుడు ఆసుపత్రిలోనూ అంతే, ఇంట్లోనూ అంతే. అమ్మ నా వంక వింతగా చూసింది. మూడో రోజే ఉద్యోగానికి వెళ్ళిపోయానని నీకు కోపంగా ఉందేమో. ఉంటే రాయి.

నీ అంగుళం

*

ఇల్లు, వెనక వరండా
జూన్ 11

అంగుళం,

కోపం లేదు. కోపానికి ఒంట్లో కొంచెం వేడి ఉండాలి.

మీ తాత పోయి నూట పద్దెనిమిది రోజులు. వచ్చినవాళ్ళంతా "ఏడ్చేయండి, తేలికవుతుంది" అన్నారు. నా దగ్గర ఆ సరుకు లేదని చెప్పాను. మొండిదాన్నని మొహం ముడుచుకుని వెళ్ళారు. నీకు ఏడుపు రాలేదని బెంగపడకు. అది మన ఇంటి ఆస్తి. నగలూ నట్రా ఏమీ ఇవ్వలేకపోయాను, ఇదన్నా ఉంచుకో.

ఇక నీ లెక్క. చదువుకున్నదానివి, డిగ్రీ గోడకి వేలాడదీసుకున్నదానివి, ఉబ్బు మర్చిపోయావు. కొండలో ఉన్నప్పుడు ఒక ఘనపు మీటరున్న రాయి పగిలి లారీ ఎక్కేసరికి ఒకటిన్నర అవుతుంది. మధ్యలో గాలి చేరుతుంది. నీ లక్షా డెబ్భై రెండు వేల ఎనిమిది వందలు లారీ దగ్గర రెండు లక్షల యాభై తొమ్మిది వేల రెండు వందలు. ఇరవై ఒక్క వేల ఆరు వందల ట్రిప్పులు. ఏడు వేల రెండు వందల లారీలు ఎగరగొట్టావు. మీ రబ్బరాయన చెరిపే ముందు నువ్వే చెరిపేసుకో, పరువు దక్కుతుంది.

ఇంకో సంగతి. నువ్వు గీత గీసిన చోటే రాయి విరగదు. మందు పెట్టి పేలిస్తే గీత దాటి అడుగు, అడుగున్నర అవతల కూడా ఊడుతుంది. ఆ అదనపు రాయిని మోసినందుకు నీకు ఎవరూ పైసా ఇవ్వరు. కాబట్టి ముందే లెక్కలో వేసుకోవాలి. దగ్గర్లో ఇళ్ళుంటే మందు తగ్గించి రంధ్రాలు దగ్గర దగ్గరగా వేయాలి. మందు మిగులుతుంది, డ్రిల్లు ముక్కులు అరుగుతాయి, రోజులు పెరుగుతాయి. రోజు ధర అన్నిటికంటే ఎక్కువ. గోతిలో నీళ్ళు ఊరతాయి, పంపులు పండగలకీ పబ్బాలకీ సెలవు తీసుకోవు. ఇవన్నీ నీ కాలేజీలో చెప్పి ఉంటారు. నువ్వు వినుండవు.

మీ తాత వాన డబ్బా ఇంకా పెరట్లోనే ఉంది. పొద్దున ఏడింటికి వెళ్ళి, పడ్డది కొలిచి, పుస్తకంలో రాస్తున్నాను. ఎందుకని అడక్కు. ఆయన రాసేవారు, పుస్తకంలో కాగితాలు మిగిలాయి. ఆయన చాదస్తం ఒకటే నాకు పట్టుబడలేదు. వాన పడని రోజు కూడా తేదీ వేసి ఎదురుగా "రాలేదు" అని రాసేవారు. నలభై ఏళ్ళు. నేను పడని రోజు ఖాళీగా వదిలేస్తున్నాను. కాగితం దండగ.

ఏడో బోరు దగ్గర మాత్రం కొత్తగా ఒకటి వేయించు. పాతవాటిని మరీ నమ్మకు.

అమ్మమ్మ

*

రేకుల గది
జూన్ 22

అమ్మమ్మా,

ఉబ్బు సరిచేశాను. మేనేజరు గారు చూడకముందే. నీ ఉత్తరం బల్ల సొరుగులో దాచాను. డెబ్భై ఆరేళ్ళావిడ లెక్క దిద్దిందని తెలిస్తే నా ఉద్యోగం నీకిచ్చేస్తారు.

ఏడో బోరు సంగతి మేనేజరు గారిని అడిగాను. "వంద అడుగుల దూరంలో ఇంకో ఆరు బోర్లున్నాయి, నలభై నాలుగేళ్ళకి రాయి మెత్తబడుతుందా?" అన్నారు. కొత్త బోరంటే మిషను తేవాలి, వారం పడుతుంది, ఆ ఖర్చు కవరు నెగ్గినా నెగ్గకపోయినా మాదే. పైగా రిజిస్టరులో తూర్పు అంచున ఉన్న ఏడోది అన్నిటికంటే శుభ్రంగా ఉంది. తవ్వినంత మేరా రాతి కడ్డీ పైకి వచ్చింది, ఒక్క సెంటీమీటరు కూడా పోలేదు. మిగతా పన్నెండింటిలో అక్కడక్కడా పోయినట్టు రాసి ఉంది, ఏడులో నష్టం గడిలో గీత. ఇంత గట్టి రాయి ఉన్నప్పుడు తూర్పు గోడని నిట్టనిలువుగా కోసెయ్యొచ్చని, ఆసరాలేవీ అక్కర్లేదని ఆయన లెక్క. మా కవరు చవగ్గా ఉండేది ఆ గోడ వల్లే.

తూర్పు గోడ పైనే ఒక వీధుంది. పంతొమ్మిది ఇళ్ళు. వాళ్ళ పెరటి గోడలకీ మా గోతి అంచుకీ మధ్య పదిహేను మీటర్లు. నిన్న సాయంత్రం టేపు పట్టుకుని వెళ్ళాను. ఒకావిడ బట్టలారేస్తూ "ఏం కొలుస్తున్నావమ్మా, మా గోడ మీకు నచ్చిందా?" అంది. ఊరికే అన్నాను. ఒక ఇంటి పెరట్లో మూడు చక్రాల సైకిలు బోర్లా పడి ఉంది. చక్రం ఇంకా తిరుగుతోంది.

నీళ్ళ ఆఫీసు గోదాము ఇక్కడే ఉంది. దాని తాళాలు ఒక పెద్దాయన దగ్గర ఉంటాయి. నడుముకి గుత్తి, నడిస్తే గంటల బండి వచ్చినట్టుంటుంది. తాత దగ్గర కుర్రతనంలో పనిచేశాడట. పేరు చెప్పగానే లేచి నిలబడ్డాడు. "మేస్త్రీ గారి పెట్టె అబద్ధం చెప్పదమ్మా" అన్నాడు. బోరులోంచి వచ్చిన రాతి కడ్డీలని వరుసగా పెట్టెలో పేరుస్తారు కదా, ఎక్కడైనా మధ్యలో మెత్తటి పొర కరిగి రాకుండా పోతే, చాలామంది ముక్కల్ని దగ్గరికి జరిపేసి ఖాళీ కనబడకుండా చేస్తారట. తాత మాత్రం ఆ ఖాళీకి సరిగ్గా చెక్క కోయించి, దాని మీద కొలత రాసి, అక్కడ ఇరికించేవాడట. "రాయి వచ్చిన చోటు అందరూ చూస్తారు, రాని చోటే మనం చూపించాలి" అనేవాడట.

మరి ఆయన బోరుని నమ్మొద్దని నువ్వెందుకు అంటున్నావు? ఏడే ఎందుకు?

నీ అంగుళం

*

ఇల్లు, వెనక వరండా
జులై 1

అంగుళం,

వాన ఎనిమిది మిల్లీమీటర్లు. మొన్న నాలుగు. మధ్యలో ఖాళీ.

మీ అమ్మ వచ్చి వెళ్ళింది. మాత్రల డబ్బా తెరిచి లెక్కపెట్టింది, రెండు ఎక్కువ ఉన్నాయని పోలీసులా నిలదీసింది. నేను మింగలేదట. ఎక్కువ కొన్నానేమో అన్నాను. మీ తాత కళ్ళజోడు, బూట్లు ఎవరికైనా ఇచ్చేద్దామంది. ఇచ్చెయ్ అన్నాను. అప్పుడు తనే ఇవ్వలేక మళ్ళీ అల్మారాలో పెట్టేసింది. బూట్లు పక్కింటాయనకి సరిపోవు, ఆయన పాదాలు పడవలు.

నువ్వు అడిగినదానికి జవాబు చెప్పలేదని మళ్ళీ అడుగుతావు కాబట్టి చెబుతున్నాను. ఏడో బోరు వేసిన వారం మీ తాత ఒంట్లో బాగాలేదు. మనిషి మనిషిగా లేరు. ఎంత పెద్ద మేస్త్రీ అయినా అలాంటి వారం ఒకటుంటుంది, చేతులు పని చేస్తూనే ఉంటాయి, చూపు ఎక్కడో ఉంటుంది. ముక్కలు జరిగిపోయి ఉండొచ్చు. చెక్క పెట్టడం మర్చిపోయి ఉండొచ్చు. అంతకంటే నాకు గుర్తు లేదు. గోదాములో తవ్వకు, రబ్బరాయన్ని బతిమాలి కొత్త బోరు వేయించు. కారణం అడిగితే ఇదే చెప్పు. చనిపోయినవాళ్ళు నొచ్చుకోరు.

గోడ ఎలా ఉంటే బాగుంటుందో అడగలేదు, అయినా చెబుతున్నాను. నిలువు కోత వద్దు. ఎనిమిదేసి మీటర్లకి ఒక మెట్టు చొప్పున మూడు మెట్లుగా దిగు. ప్రతి మెట్టు దగ్గరా రాతిలోకి ఇనప కడ్డీలు గుచ్చి సిమెంటుతో బిగించు. ఇళ్ళకి దగ్గర్లో మందు అసలు వద్దు, సుత్తి మిషనుతో కొట్టించు. లెక్క వందకి పద్నాలుగు పెరుగుతుంది. పెరగనీ.

అమ్మమ్మ

*

రేకుల గది
జులై 9

అమ్మమ్మా,

గోదాములో తవ్వాను.

మొన్న మధ్యాహ్నం తాళాలాయనా నేనూ కలిసి ఏడో బోరు పెట్టెలు దింపాం. మొత్తం అయిదు. ఒక్కోటి ఇద్దరం మోస్తే గాని కదల్లేదు. నాలుగో పెట్టెలో పద్దెనిమిది మీటర్ల నలభై దగ్గర రాతి కడ్డీ ఆగిపోయింది. పక్కనే చెక్క. నున్నగా చిత్రిక పట్టిన చెక్క, అటూ ఇటూ కదలకుండా బిగువుగా ఉంది. దాని మీద తాత రాత. "18.40 నుంచి 19.60. 1.20 రాలేదు." పెద్ద అక్షరాలు, కింద గీత కూడా కొట్టాడు. వేరే చెక్కల మీద గీత లేదు.

తాళాలాయన నా మొహం చూసి, "చెప్పానా?" అన్నాడు.

తర్వాత నీళ్ళ ఆఫీసుకి వెళ్ళి అసలు రిజిస్టరు తీయించాను. మా దగ్గర ఉన్నది నకలే కదా. ఏడో బోరు పేజీలో ఆ వరుస ఇలా ఉంది. తవ్వినది 1.20. వచ్చినది 1.20. నష్టం గడిలో గీత. కొట్టివేత లేదు, తడబాటు లేదు. చేతిరాత నీది. సొంపైన రాత, నా పుట్టినరోజు కార్డుల మీద ఉండే రాత.

తాత మర్చిపోలేదు. నువ్వు మర్చిపోయావు అనుకుందామంటే, మర్చిపోయినదానివి ఏడో బోరు అని మొదటి ఉత్తరంలోనే ఎలా రాశావు? తెలిసే రాశావు. తెలిసే నాకు ఆయన ఒంట్లో బాగాలేదన్నావు. చనిపోయినవాళ్ళు నొచ్చుకోరన్నావు. నాకు కోపం రావాలి. రావడం లేదు. బల్ల ముందు కూర్చుని అయిదో బోరు చూశాను. అది గోతి లోపల పడుతుంది. అందులో ఇరవై రెండు మీటర్ల దగ్గర పాతిక సెంటీమీటర్లు రాలేదని ఉంది, చిన్నదని ఎవరూ పట్టించుకోలేదు. రెండూ కలిపి గీత గీశాను. ఆ గీత వీధి వైపు ఎత్తులో ఉంది, గోతి వైపు కిందకి దిగుతోంది. అది బంకమట్టి పొరే అయితే, పంతొమ్మిది ఇళ్ళు జారుడు బల్ల మీద కూర్చుని ఉన్నాయి. మేం చేయబోయేది ఆ బల్ల కింది కొస కోసెయ్యడం.

రబ్బరు గారికి చూపించాను. చెడ్డవాడు కాదు, నీళ్ళు తాగి రెండోసారి చూశాడు. "చెక్క ఎవరైనా పెట్టొచ్చు, ఇంకో పెట్టెలోది కావచ్చు. నీళ్ళ ఆఫీసు సంతకం చేసింది రిజిస్టరు మీద, చెక్క మీద కాదు. మనం ఒక్కళ్ళం మెట్ల గోడ వేస్తే కవరు పోతుంది. మిగతా నలుగురూ నిలువుగానే కోస్తారు. అప్పుడు ఆ ఇళ్ళకి నువ్వు చేసిన మేలేమిటి?" అన్నాడు.

నీళ్ళ ఆఫీసుని అడిగాను. వాళ్ళ పద్ధతి ఒకటే. రిజిస్టరులో తప్పుంటే, రాసిన మనిషి బతికుంటే, ఆ మనిషే దిద్దాలి. తప్పు మీద ఒకే ఒక గీత, కింద ఉన్నది చదవడానికి వీలుగా. పక్కన సరైన అంకె. తేదీ, సంతకం. కారణం గడి నింపాలి, ఖాళీగా వదిలితే చెల్లదు. అలా దిద్దితే పోటీలో ఉన్న అయిదుగురికీ పంపి, నీళ్ళ ఆఫీసు ఖర్చుతోనే కొత్త బోరు వేయిస్తారట.

ఆ పేజీ నకలూ, దిద్దుబాటు ఫారమూ ఇందులో పెడుతున్నాను. ముప్పై ఒకటి గడువు. నువ్వు పంపకపోతే నేను నిలువు గోడ మీద సంతకం చెయ్యాలి, లేదా ఉద్యోగం మానెయ్యాలి. మానేస్తే నా కుర్చీలో ఇంకొకరు కూర్చుని సంతకం చేస్తారు.

అంగుళం

*

ఇల్లు, వంటగది బల్ల
జులై 16

అంగుళం,

వరండాలో వాన జల్లు కొడుతోంది, ఫారం తడుస్తుందని లోపలికొచ్చాను.

మీ తాత మీద పెట్టి రాసినందుకు సిగ్గుపడాలి. పడతాను, ముందు పని కానీ.

మీ అమ్మకి ముందు మాకొక కొడుకు. నీకు తెలీదు. మీ అమ్మకి సగమే తెలుసు, పురిట్లోనే పోయాడనుకుంటుంది. అలా అనుకోనిచ్చాం. పురిట్లో పోలేదు. నాలుగేళ్ళ రెండు నెలలు బతికాడు. మీ తాత బోరు దగ్గర్నుంచి రాళ్ళు తెచ్చిచ్చేవారు, వాడు జేబులో వేసుకుని ఆ జేబు బరువుకి నిక్కరు జారుతుంటే ఒక చేత్తో పట్టుకుని నడిచేవాడు. గులకరాయి అని పిలిచేవారు. నేనూ అలాగే పిలిచాను. జ్వరం మూడు రోజులు. నాలుగో రోజు లేడు.

వాడు పోయిన మూడో రోజున మీ తాత బోరు దగ్గరికి వెళ్ళిపోయారు. నేను నాలుగో రోజున ఆఫీసుకి. జనం నోళ్ళు నొక్కుకున్నారు. ఇంట్లో కూర్చుంటే ఏం చేయాలి? నువ్వు మూడో రోజే వెళ్ళిపోయావని కోపం ఉందా అని అడిగావు చూడు, అప్పుడు నవ్వొచ్చింది. నువ్వు ఎవరి మనవరాలివో మాకు బాగా తెలుసు.

ఆరో రోజు పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే బడి నుంచి చీటీ వచ్చింది. చిన్నపిల్లల బడి, వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. వాడి పేరు, దాని ఎదురుగా వరుసగా ఆరు గళ్ళు. రాలేదు, రాలేదు, రాలేదు. కింద "ఇలాగే కొనసాగితే పేరు తీసేస్తాం" అని. మడిచి సంచిలో పెట్టుకున్నాను.

పది గంటలకి మీ తాత బోరు కాగితం పంపారు. ఏడో బోరు. పద్దెనిమిది నలభై నుంచి పంతొమ్మిది అరవై. 1.20 రాలేదు. కింద గీత కొట్టి పంపారు, ఇది ముఖ్యం అని. ఆయన చూపు ఎక్కడా పోలేదు. అంతటి వారంలోనూ కొండ లోపల మట్టి ఉందని పసిగట్టి, చెక్క కోసి, చిత్రిక పట్టి పెట్టారు. నేను ఆ వరుస దగ్గరికొచ్చాను. కలం ఆగలేదు, నువ్వు చూశావు కదా, తడబాటు లేదు. నష్టం గడిలో గీత పెట్టి, వచ్చింది అని రాసేశాను. 1.20 వచ్చింది. మొత్తం వచ్చింది. ఎంత హాయిగా రాశానో చెప్పలేను. మధ్యాహ్నం దిద్దుదామనుకున్నాను. రేపనుకున్నాను. వారం తిరిగేసరికి ఇంజనీరు చూడకుండా సంతకం చేసి లోపల పెట్టేశాడు. తర్వాత ట్యాంకే కట్టడం లేదన్నారు. కట్టని గోతికి తప్పేమిటని చేతులు దులుపుకున్నాను. అంతే. దుర్మార్గమేమీ కాదు, బద్ధకమూ కాదు. నీకు దీనికి పేరేదైనా తెలిస్తే పెట్టుకో.

మీ తాతకి తెలుసు. నకలు చూశారు. నాతో ఒక్క మాట అనలేదు, ఆ రోజు కాదు, ఎప్పుడూ కాదు. ఆ తర్వాతి నెలలో ఒక డబ్బా తెచ్చి పెరట్లో పెట్టారు, ఒక పుస్తకం కొన్నారు. వాన పడిన రోజు కొలత, పడని రోజు "రాలేదు". నలభై నాలుగేళ్ళు నా కళ్ళ ముందు రాస్తూ కూర్చున్నారు. నేను చాదస్తమని వెక్కిరిస్తూ టీ ఇచ్చాను. నిన్న నీ ఉత్తరం చదివి, మొదటి పుస్తకం తీసి తేదీ చూశాను. అప్పటిదాకా నాకు తట్టలేదు. డిగ్రీ చదివినదాన్ని, అంకెల్లో ఆరితేరినదాన్ని.

ఫారం నింపాను. నీ దగ్గర నకలు ఉంచుకో, వాళ్ళు పోగొడతారు. ఇలా రాశాను.

"బోరు సంఖ్య 7. లోతు 18.40 నుంచి 19.60. వచ్చినది: 1.20 కొట్టివేసి, సున్నా. నష్టం: గీత కొట్టివేసి, 1.20. మేస్త్రీ కాగితమూ, పెట్టెలో చెక్కా సరైనవి. రిజిస్టరు తప్పు. కారణం: ఆ వారం రాసిన మనిషి కొడుకు పోయాడు. వయసు నాలుగేళ్ళ రెండు నెలలు. రాలేదు అని రాయడం ఆమెకి చేతకాలేదు."

కారణం గడి చిన్నది, అంచు దాటింది. చెల్లదంటే ఇంకో కాగితం అంటించమను.

అమ్మమ్మ

*

రేకుల గది
జులై 24

అమ్మమ్మా,

చేరింది. ఇచ్చాను. అక్కడ గుమాస్తా కారణం గడి చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, ముద్ర వేశాడు. గడువు నెలన్నర పెంచారు.

రబ్బరు గారు కూడా చదివాడు. పెన్సిలు ముట్టుకోలేదు.

అంగుళం

*

రేకుల గది
సెప్టెంబర్ 3

అమ్మమ్మా,

కొత్త బోరు వేశారు. పాతదానికి మీటరు పక్కన. నేనూ తాళాలాయనా పొద్దుట్నుంచి మిషను దగ్గరే నిలబడ్డాం. పద్దెనిమిది దాకా కడ్డీ నిగనిగలాడుతూ వచ్చింది. పద్దెనిమిది ముప్పై అయిదు దగ్గర మిషను గొంతు మారింది. అరిచేదల్లా మూలగడం మొదలుపెట్టింది. గొట్టం పైకి తీస్తే ఎర్రటి నీళ్ళు కారాయి. లోపల ఏమీ లేదు. మళ్ళీ దింపారు, మళ్ళీ ఏమీ లేదు. పంతొమ్మిది అరవై అయిదు దగ్గర రాయి తగిలింది.

అందరూ ఆ ఖాళీ గొట్టంలోకి తొంగి చూస్తున్నారు. నాకప్పుడు ఏడుపొచ్చింది. ఏడు నెలల తర్వాత, ఆయిలు మరకల మధ్య, తలకి టోపీతో. ముక్కు చీదుకోడానికి ఏమీ లేకపోతే తాళాలాయన మిషను తుడిచే గుడ్డ ఇచ్చాడు. మొహమంతా గ్రీజు అయింది. రబ్బరు గారు అటు తిరిగి నిలబడ్డాడు.

నీళ్ళ ఆఫీసు మొత్తం గోతిని ముప్పై మీటర్లు పడమటికి జరిపేసింది. అక్కడ రాయి గట్టిగానే ఉంది, అయినా తూర్పు గోడకి మెట్లు తప్పనిసరి అని షరతు పెట్టారు. అయిదుగురూ మొదటి నుంచి లెక్క కట్టాలి. పొడవూ, వెడల్పూ, లోతూ అన్నీ మారాయి. నిన్న మళ్ళీ మొదలుపెట్టాను. ఉబ్బు వేశాను.

మొన్న వీధిలోకి వెళ్ళాను. బట్టలారేసే ఆవిడ "గోడ వద్దనుకున్నారటగా?" అంది. నచ్చలేదండీ అన్నాను. ఆమెకి ఏమీ తెలీదు.

పాత పెట్టెతో ఇక వాళ్ళకి పని లేదట. తాత కోసిన చెక్క నీకు పంపమంటావా? తాళాలాయన ఇస్తానన్నాడు. ఇప్పుడే తీయొద్దని, నిన్ను అడిగి చెబుతానని అన్నాను.

నీ అంగుళం

*

ఇల్లు, వెనక వరండా
సెప్టెంబర్ 12

అంగుళం,

చెవి మిషను పెట్టుకున్నాను. ఈ ఫ్రిజ్జు ఇంత రొద చేస్తుందని నాకు తెలీదు. మీ తాత ఎలా భరించారో.

ఆదివారం మీ అమ్మ వచ్చింది. మాత్రల డబ్బా తెరవబోతుంటే కూర్చోమన్నాను. చెప్పాను. మొదట్నుంచి చివరిదాకా, నిక్కరు జేబుతో సహా. చాలాసేపు బల్ల మీద గీతలు గీస్తూ కూర్చుంది. తర్వాత "వాడికి నా పోలికలు ఉండేవా?" అంది. నీకే వాడి పోలికలు, వాడు ముందు పుట్టాడు అన్నాను. ఆ మాటకి నా మీద అరిచింది, ఇన్నేళ్ళు దాచినందుకు అరిచింది, మాత్రలు మింగనందుకు కూడా కలిపి అరిచింది. మిషను ఉంది కాబట్టి అన్నీ వినబడ్డాయి. వెళ్ళేటప్పుడు తాత బూట్లు తీసుకెళ్ళింది. ఎవరికీ ఇవ్వదట, తన దగ్గరే పెట్టుకుంటుందట.

నేను ఏడ్చానా అని అడుగుతావు. లేదు. వస్తే రాస్తాను.

చెక్క పంపొద్దు. వరండాలో పెడితే ఎవరో తలుపు కింద ఇరికిస్తారు. దాని చోటు ఆ రెండు రాళ్ళ మధ్యే. పెట్టె మూసి, ఎత్తుగా, చెద పట్టని చోట పెట్టించు. మూత మీద బోరు నంబరు చెరిగిపోయి ఉంటే మళ్ళీ రాయించు.

జూన్ నుంచి వాన పుస్తకంలో నేను వదిలేసిన ఖాళీలు ముప్పై ఒకటి లెక్క తేలాయి. నిన్న కూర్చుని అన్నీ నింపాను. పాత తేదీలకి కొత్త రాత కదా, పక్కన సంతకం కూడా పెట్టాను.

ఇవాళ ఆకాశం నీలంగా ఉంది. ఏడింటికి వెళ్ళి డబ్బా చూశాను. అడుగున ఒక ఆకు, అంతే.

రాలేదు.

అమ్మమ్మ